కెనడాలో కార్డు మీద ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని వేసుకోకూడదన్నారు. పీ.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సుకి వెళ్ళాలా?

కోనసీమ_కిచెనర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమ. 2011లో జేఎన్‌టీయూ కాకినాడకి అనుబంధంగా ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ పూర్తి చేశాను. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు పనిచేసి, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక రెండేళ్ళ క్రితం ఇక్కడికి, ఒంటారియోలోని కిచెనర్‌కి వచ్చాం. ఇప్పుడు నా పని ఆసుపత్రుల్లో వాడే ఇన్ఫ్యూజన్ పంపు సాఫ్ట్‌వేర్ మీద. గంటకి ఎన్ని మిల్లీలీటర్ల మందు నరంలోకి వెళ్ళాలో చూసుకునే మిషను అది. అందులో అలారమ్‌ల భాగం నాది. ట్యూబులో గాలి బుడగ వచ్చినా, లైను ఎక్కడైనా మూసుకుపోయినా మోగాల్సింది నేను రాసిన కోడే.

పోయిన నెల ఆఫీసులో అందరికీ విజిటింగ్ కార్డులు వేయిస్తున్నారంటే నా వివరాల్లో ‘సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అని రాసి పంపాను. హైదరాబాద్‌లో నా ఐడీ కార్డు మీద ఎప్పుడూ అదే ఉండేది. మా మేనేజర్ పక్కకి పిలిచి, “నీకు పీ.ఇంజ్. ఉందా? లేకపోతే డెవలపర్ అని మార్చు, ఇక్కడ చట్టం ఒప్పుకోదు” అని మంచిగానే చెప్పింది. మార్చేశాను. కానీ ఆ రోజు నుంచి మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

ఎందుకో చెప్తాను. మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ళు కాలువ గట్ల మీదా, లాకుల దగ్గరా తిరిగిన మనిషి. చిన్నప్పుడు సెలవుల్లో సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పని దగ్గరకి తీసుకెళ్ళేవారు. కొలతలప్పుడు టేపు పట్టుకునేది నాన్న. ఆ కొలతలు ఎం-బుక్కులో (కొలతల పుస్తకం) రాసి సంతకం పెట్టేది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు. ఆ సంతకం పడందే బిల్లు కదలదు. వరదకి గట్టు తెగితే పై నుంచి వచ్చినవాళ్ళు మొదట తెరిచేదీ ఆ పుస్తకాన్నే. నాకు సీటు వచ్చిన రోజు నాన్న, “ఇంక మనింట్లో టేపు పట్టుకునేవాడు నేనే ఆఖరు” అన్నారు. కార్డు సంగతి వీడియో కాల్‌లో చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే అక్కడ సంతకం ఎవరు పెడతారు మరి?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ లైసెన్సు తీసుకోవడంలో అర్థం ఉందా? నా 2011 డిగ్రీని ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా? వేరే దేశాల్లో ఉన్నవాళ్ళకి ఎలా ఉంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

---

హ్యూస్టన్_నుంచి

తమ్ముడూ, ముందు టెన్షన్ పడకు. పేరుకోసమైతే ఆ లైసెన్సు జోలికి వెళ్ళొద్దని నా మాట.

ఇక్కడ అమెరికాలో ఈ ప్రయోగం ఒకసారి జరిగిపోయింది. మా టెక్సాస్‌లో ఇంజనీర్ల బోర్డు 1998లోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌ని లైసెన్సు ఇచ్చే విభాగంగా గుర్తించింది. ఆ మరుసటి ఏడాదే కంప్యూటర్ రంగంలో పెద్ద సంస్థ ఏసీఎం అడ్డంగా నిలబడింది. ఈ రంగంలో విజ్ఞానం ఇంకా అంత స్థిరపడలేదు, లైసెన్సు ఇచ్చినంత మాత్రాన సాఫ్ట్‌వేర్ నమ్మకంగా ఉంటుందని చెప్పలేం అన్నది వాళ్ళ వాదన. అయినా దేశం మొత్తానికీ పనికొచ్చేలా పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్, మీ పీ.ఇంజ్. లాంటిదే) సాఫ్ట్‌వేర్ పరీక్ష తయారుచేసి 2013లో మొదలుపెట్టారు. మొత్తం ఐదుసార్లు పెట్టారు. అన్నీ కలిపి రాసినవాళ్ళు 81 మంది. 2019 ఏప్రిల్ తర్వాత ఎత్తేశారు.

ఎందుకు రాయలేదంటే, పీఈ కావాలంటే మామూలుగా నాలుగేళ్ళు ఇంకో పీఈ కింద పనిచేసినట్టు చూపించాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పైన మేనేజరుకీ లేదు, ఆయన పైవాడికీ లేదు. ఎవరి కింద చూపిస్తాం? అడిగే కస్టమరూ లేడు. ఇక్కడ హెచ్‌1బీ కాగితాల మీదా, ఆఫర్ లెటర్ మీదా అందరం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లమే.

పేరు కాపలా కాయడం ఒక్కోసారి ఎక్కడిదాకా పోతుందో కూడా చూడు. ఆరెగన్ రాష్ట్రంలో మాట్స్ యార్ల్‌స్ట్రమ్ అనే ఆయన, స్వీడన్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాడు. భార్యకి సిగ్నల్ కెమెరా టికెట్ వస్తే, పసుపు లైటు ఎంతసేపు ఉండాలన్న లెక్కలో తప్పుందని పట్టుకుని బోర్డుకి ఉత్తరం రాశాడు. ఉత్తరంలో ‘నేను ఇంజనీరుని’ అన్నందుకూ, లైసెన్సు లేకుండా ఆ లెక్కలు చేసినందుకూ 500 డాలర్ల ఫైన్ వేశారు. కోర్టుకి వెళ్ళి 2018 డిసెంబర్‌లో గెలిచాడు. లెక్క సరైనదా కాదా అని చూడకుండా పేరు పట్టుకుని కూర్చుంటే ఇలాగే అవుతుంది.

నీ జీతం పెరగదు, నీ కోడ్ మారదు. దానికి పెట్టే సమయం పిల్లలతో గడుపు.

---

సిగ్నల్_సుజాత

హ్యూస్టన్ అన్నగారు అమెరికా సంగతి సరిగ్గానే చెప్పారు. కానీ కిచెనర్ తమ్ముడు చేస్తున్నది షాపింగ్ యాప్ కాదు. అందుకని వివరంగా రాస్తున్నాను.

నేను టొరంటో దగ్గర రైల్వే సిగ్నలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. 2004 ఈసీఈ, వరంగల్. నాకు ఒంటారియో పీ.ఇంజ్. 2020లో వచ్చింది.

ముందు చట్టం ఏమంటోందో తెలుసుకో. ఒంటారియోలో ఇంజనీరింగ్ అంటే మూడు కలిసి ఉండాలి. డిజైన్ చేయడమో, లెక్క కట్టడమో, పరిశీలించి రిపోర్టు ఇవ్వడమో లాంటి పని అయి ఉండాలి. ఆ పనికి ఇంజనీరింగ్ సూత్రాలు వాడాల్సి రావాలి. ప్రాణం, ఆరోగ్యం, ఆస్తి, పర్యావరణం, ప్రజల మేలు లాంటివాటిని కాపాడే సంగతి అందులో ఉండాలి. వెబ్‌సైటులో బటన్ రంగు మార్చేవాళ్ళకి ఈ మూడోది తగలదు. నీ గాలి బుడగ అలారానికి తగులుతుంది. పేరు విషయానికొస్తే, లైసెన్సు లేకుండా, ఉందనుకునేలా ఇంజనీర్ అని వాడితే మొదటిసారికి 10,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. రైలింజన్ నడిపే లోకోమోటివ్ ఇంజనీర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఆయన వంతెన డిజైన్ చేస్తాడని ఎవరూ పొరబడరు.

ఈ దేశంలో ఇంత పట్టింపు ఎక్కడ మొదలైందని నేనూ అనుకునేదాన్ని. 1907 ఆగస్టులో క్యుబెక్ దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న వంతెన కూలి 75 మంది పనివాళ్ళు చనిపోయారు. సొంత బరువుని తక్కువ లెక్క కట్టారు, ఆ లెక్కని మళ్ళీ చూసినవాళ్ళు లేరు. 1916లో అదే చోట మధ్య భాగం ఎత్తుతుండగా నదిలో పడి ఇంకో 13 మంది పోయారు. మీ ఆఫీసులో ఎవరి చిటికెన వేలికైనా చిన్న ఇనుప ఉంగరం కనిపిస్తే చూడు. 1925 నుంచి ఇక్కడ ఇంజనీర్లు ప్రమాణం చేసి తొడుక్కుంటున్నారు. ఆ ఉంగరాలు కూలిన వంతెన ఇనుముతో చేసినవని చాలామంది చెప్తారు. అది నిజం కాదు, కానీ ఆ వంతెనని మర్చిపోకూడదన్న భయం మాత్రం నిజమే.

మన సాఫ్ట్‌వేర్‌కి ఆ వంతెన లాంటిది థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన రేడియేషన్ మిషను. 1985-87 మధ్య ఆరుగురికి డోసు వందల రెట్లు పడింది. కనీసం ముగ్గురు చనిపోయారు. ఆ ఆరు ప్రమాదాల్లో ఒకటి జరిగింది హామిల్టన్‌లో, నువ్వుండే చోటికి గంట దూరం. టెక్సాస్‌లోని టైలర్‌లో ఏం జరిగిందో చూడు. ఆపరేటరు ఎలక్ట్రాన్ కోసం ‘ఈ’ కొట్టాల్సింది అలవాటుగా ఎక్స్-రే ‘ఎక్స్’ కొట్టింది. వెంటనే చూసుకుని, కర్సర్ పైకి జరిపి దిద్దింది. ఎనిమిది సెకన్లలోపు దిద్దితే తెర మీద మారేది కానీ లోపల అయస్కాంతాలు పాత అమరికలోనే ఉండిపోయేవి. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది, అంతే. అలాంటి మెసేజీలు రోజూ వస్తూనే ఉండేవి కాబట్టి ఆమె మళ్ళీ కొనసాగించు అని నొక్కింది. అంతకుముందు మోడల్లో ఇలాంటి తప్పుని ఆపడానికి విడిగా హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు ఉండేవి. కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్ ఉందిగా అని తీసేశారు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఒకే ఒక్కరు.

ఇది చదివాక నాకు రెండు రోజులు పని మీద మనసు నిలవలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే, 1980ల చివర, ఒంటారియోలోనే డార్లింగ్టన్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్‌ని ఆపే వ్యవస్థని కంప్యూటర్‌కి అప్పగించారు. దాన్ని నమ్మొచ్చా అని అణు నియంత్రణ బోర్డు కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్‌ని పిలిచింది. ఆయన ఆ ప్రోగ్రాం ఏం చేయాలో, ఏం చేస్తోందో గణిత పట్టికలుగా రాయించి, రెండూ వరసవరసగా పోల్చి చూసే పద్ధతి పెట్టించాడు. లైసెన్సు ఆలస్యమైనా సరే ఆ పని పూర్తి చేయించారు. తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ ఇంజనీర్ లైసెన్సు ఉండాలని గట్టిగా వాదించినవాళ్ళలో ఆయన ఒకరు.

ఇంక నీ సంగతి. డిగ్రీ దగ్గర నీకు కొంచెం ఇబ్బంది ఉంది. ఇండియా, ఇంజనీరింగ్ డిగ్రీలని పరస్పరం గుర్తించుకునే దేశాల ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తీసుకుంది 2014 జూన్‌లో. అది కూడా ఎన్‌బీఏ (మన దేశంలో కోర్సులకి గుర్తింపు ఇచ్చే బోర్డు) టైర్-1 గుర్తింపు ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. మామూలు అనుబంధ కాలేజీలు టైర్-2 కిందకి వస్తాయి. నీది 2011. అంటే డిగ్రీ చెల్లదని కాదు, నేరుగా సమానం అనరు, టెక్నికల్ పరీక్షలు రాయమనొచ్చు. మానసికంగా దానికి సిద్ధంగా ఉండు. దాని తర్వాత 48 నెలల అనుభవం చూపించాలి. నా రోజుల్లో అందులో ఏడాది కెనడాలోనే చేసి ఉండాలనేవారు. 2023 మేలో ఆ నిబంధన తీసేశారు, కాబట్టి నీ హైదరాబాద్ ఏళ్ళు పనికొస్తాయి. కాకపోతే ‘జావా, స్ప్రింగ్, ఎజైల్’ అని రెజ్యూమెలా రాస్తే ఒప్పుకోరు. ఏ ప్రమాదం ఊహించావు, దాన్ని ఎలా లెక్క కట్టావు, ఎలా పరీక్షించావు, ఏ నిర్ణయం నీ సొంతం, ఇవి రాయాలి. అవి నిజమని చెప్పడానికి నీ పని తెలిసినవాళ్ళు కావాలి. చివర వృత్తి నీతి, చట్టం మీద ఎన్‌పీపీఈ అనే పరీక్ష. అది చదివితే వచ్చేస్తుంది.

నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన ఒక్కటే ప్రశ్న అరగంట తిప్పితిప్పి అడిగాడు. “నీ ప్రోగ్రాం ఆగిపోతే రైలు ఏం చేస్తుంది?” సిగ్నల్ ఎరుపుకి పడిపోతుంది అన్నాను. “పడిపోతుందని నీకెలా తెలుసు?” ఆ రెండో ప్రశ్నే అసలు పరీక్ష. ఆ జవాబుతోనే నాకు టెక్నికల్ పరీక్షలు తప్పాయి. ఇప్పుడు పద్ధతి మారింది కానీ ఆ ప్రశ్నకి నీ పంపు విషయంలో నీ దగ్గర జవాబు ఉండాలి.

మీ నాన్నగారి ప్రశ్నకి ఇదీ నా జవాబు. ఇక్కడ పీ.ఇంజ్.కి ఒక సీలు ఇస్తారు. దాని పక్కన సంతకం, తేదీ. మొదటిసారి ఒక సేఫ్టీ రిపోర్టు మీద వేయాల్సినప్పుడు చివరి పేజీ తెరిచి పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. మళ్ళీ మొదటికి వెళ్ళి టెస్టు ఫలితాలన్నీ ఒక్కో వరసా చదివాను. నూట నలభై పేజీలు. ఒకచోట ఫలితం పాత వెర్షన్ నుంచి అలాగే కాపీ అయి ఉంది, ఆ టెస్టు అసలు మళ్ళీ నడపలేదు. నడిపిస్తే పాసైంది. కానీ అప్పటికే ఆ రిపోర్టుని నలుగురం చూసి ‘ఓకే’ అన్నాం, నేనూ అన్నాను. సీలు వేయాల్సి వచ్చేదాకా ఆ వరస నాకు కనిపించలేదు.

---

ఎడ్మంటన్_ఎముకలకొరికే_చలి

చిన్న విషయం కలుపుతున్నా. కెనడా అంతా ఒకటే రూలు కాదు. మా అల్బర్టాలో ఇంజనీర్ల సంస్థ జాబర్ అనే టెక్ కంపెనీ మీద ఇదే పేరు గురించి కోర్టుకి వెళ్ళింది. 2023 నవంబర్‌లో ఓడిపోయింది. ఆ పేరు వాడినందువల్ల ప్రజలకి ముప్పు ఉందనడానికి ఆధారం లేదన్నారు జడ్జిగారు. ఆ డిసెంబర్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చి, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని పిలుచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. ఇక్కడ నా కార్డు మీద ఉంది. కానీ సుజాత గారు చెప్పిన సీలు మాత్రం నాకు లేదు. ఆ రెండూ వేరని ఇవాళ ఇది చదివాకే బుర్రకెక్కింది.

---

బ్రిస్బేన్_లక్ష్మి

ఆస్ట్రేలియా గురించి అడిగారు కదా. ఇక్కడికి వచ్చే మనవాళ్ళకి ముందు ఎదురయ్యేది ఏసీఎస్ (ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ) అసెస్‌మెంట్. అది వీసా కోసం మాత్రమే, ప్రాక్టీస్ లైసెన్సు కాదు. మీ అనుభవంలోంచి కొన్నేళ్ళు కోసేసి, ఆ తర్వాత నుంచే నైపుణ్యం ఉన్నట్టు లెక్కేస్తారు. మా ఇంట్లో మావారికి రెండేళ్ళు పోయాయి.

అసలు లైసెన్సు లాంటిది మా క్వీన్స్‌లాండ్‌లో ఉంది. 2002 చట్టం ప్రకారం ఇంజనీరింగ్ సేవ చేసేవాళ్ళు ఆర్‌పీఈక్యూగా (క్వీన్స్‌లాండ్ నమోదిత ప్రొఫెషనల్ ఇంజనీర్) నమోదు కావాలి, లేదా నమోదైనవాళ్ళ ప్రత్యక్ష పర్యవేక్షణలో చేయాలి. ఇంట్లో కూర్చుని సిడ్నీ నుంచి చేసినా, పని క్వీన్స్‌లాండ్‌ది అయితే వర్తిస్తుంది. విక్టోరియాలో 2019లో చట్టం చేసి 2021 నుంచి మొదలుపెట్టారు కానీ సివిల్, స్ట్రక్చరల్, ఫైర్ సేఫ్టీ, మెకానికల్, ఎలక్ట్రికల్ వరకే. సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోలేదు. అది నాకు నచ్చలేదు. లిఫ్టు తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది ఇప్పుడు మెకానికల్ మాత్రమే కాదు కదా.

---

కువైట్_రిటర్న్

కాలేజీ ఎన్‌బీఏ గురించి సుజాత గారు మెత్తగా చెప్పారు, నేను గట్టిగా చెప్తాను. 2018లో కువైట్‌లో ఇంజనీర్ల రెసిడెన్సీ రెన్యువల్‌కి డిగ్రీ గుర్తింపు తప్పనిసరి చేశారు, మన డిగ్రీలకి ఎన్‌బీఏ చూశారు. నేను చదివిన కోర్సుకి ఆ గుర్తింపు లేదని అప్పుడే తెలిసింది. చేరేటప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగలేదు, అడగాలని తెలియదు కూడా. ఎనిమిదేళ్ళ సర్వీసు, వీసాలో హోదా మార్చుకోండి లేదా వెళ్ళిపొండి అనే పరిస్థితి. నేను వచ్చేశాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నా. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో చుట్టాలు ఫోన్ చేస్తే ప్లేస్‌మెంట్ల కంటే ముందు ఆ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఏ సంవత్సరం దాకా ఉంది అని అడిగిస్తున్నా. కాలేజీకి కాదు, బ్రాంచికి. ఇది పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

---

హ్యూస్టన్_నుంచి

సుజాత గారూ, మీ నూట నలభై పేజీల సంగతి చదివాను. గౌరవంతోనే ఒక మాట. థెరాక్ తర్వాత మెడికల్ సాఫ్ట్‌వేర్ బాగుపడింది లైసెన్సుల వల్ల కాదు. ఎఫ్‌డీఏ (అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) తనిఖీలు, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ కోసం 2006లో వచ్చిన ఐఈసీ 62304 ప్రమాణం, వీటివల్ల. ఆ ప్రమాణంలో ప్రాణం పోయే అవకాశం ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ‘సీ’ తరగతిలో పెడతారు, ఇన్ఫ్యూజన్ పంపు అలాంటిదే. తమ్ముడు దాన్ని కంఠతా పట్టడం ఎక్కువ ఉపయోగం.

---

సిగ్నల్_సుజాత

అది తప్పకుండా పట్టాలి అన్నగారూ, కాదనను. కానీ ప్రమాణం కంపెనీని అడుగుతుంది. రిలీజ్ తేదీ దగ్గరపడి ‘ఈ ఒక్క టెస్టు వదిలేద్దాం’ అన్న రోజు, కాదు అనాల్సింది ఒక మనిషి. ఆ మనిషికి ‘నేను సంతకం పెట్టను, పెడితే నా లైసెన్సు పోతుంది’ అనే మాట చేతిలో ఉండాలి. నేను ఆ మాట ఒకసారి వాడాను. రిలీజ్ తొమ్మిది రోజులు ఆగింది, నా ఉద్యోగం పోలేదు.

---

కోనసీమ_కిచెనర్

అందరికీ చాలా థ్యాంక్స్. రెండుసార్లు చదివాను.

నిన్న మేనేజర్‌ని అడిగాను, మన పంపు సేఫ్టీ ఫైలు మీద చివరి సంతకం ఎవరిదని. క్వాలిటీ హెడ్, రెగ్యులేటరీ హెడ్ అని చెప్పింది. ఇద్దరికీ కోడ్ తెలియదు. అలారమ్‌ల భాగం చూసి సంతకం పెట్టగలిగేవాళ్ళు టీములో ఒకరున్నారు, ఆయనకి పీ.ఇంజ్. ఉంది, వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. నా అనుభవానికి ఆయన్నే సాక్షిగా ఉండమని అడిగాను. “నీ గాలి బుడగ టెస్టులు మొత్తం పట్టుకుని సోమవారం రా” అన్నారు. ఈ శని, ఆదివారాలు అదే పని.

సుజాతక్కా, మీ ఇంటర్వ్యూ ప్రశ్నని నాన్నకి చెప్పాను. వెంటనే, “మా ఏఈ గారూ అంతే. టేపు నేను చదివి చెప్పినా, ఆయన వంగి అంకె చూసుకుంటేనే రాసేవాడు” అన్నారు. ఆ ఏఈ గారి పేరు ఇప్పటికీ మర్చిపోలేదు ఆయన.

హ్యూస్టన్ అన్నా, మీ మాట కొట్టేయడం లేదు. 62304 ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకున్నాను.

ఒక్క సాయం కావాలి. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు సీలు కవర్లో నేరుగా ఇక్కడికి పంపించాలంటున్నారు. సిలబస్ కాపీలు కూడా అడిగితే 2007 రెగ్యులేషన్ పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? మా కాలేజీ మూతపడి నాలుగేళ్ళయింది. కాకినాడలో ఈ పని ఈ మధ్య చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.